నంబరుతో పిలిచే మనిషి

తార్నాకలో ఇప్పుడు అందరి నోటా ఒకటే కథ. రేడియం షాపాయన పోలీసుల మనిషి అని. ఉద్యమం రోజుల్లో కుర్రాళ్ల బండి కాగితాలు చూసి, నంబర్లు గుర్తుపెట్టుకుని, స్టేషన్‌లో అప్పజెప్పేవాడని. దీనికి రుజువు కూడా చూపిస్తారు. ఎప్పుడో విద్యార్థిగా ఉన్న ఒకాయన మోటార్ సైకిల్ నంబరు ఇన్నేళ్ల తర్వాత కూడా తడుముకోకుండా చెప్పాడట. రాసిపెట్టుకుని అప్పజెప్పినవాడికి తప్ప మామూలు మనిషికి అంత జ్ఞాపకం ఎలా ఉంటుంది అని మనల్నే ఎదురు అడుగుతారు. మొన్న ఆయన సంతాపసభలో కూడా ఈ కథే చెప్పారు. కాకపోతే పోయినవాడి మీద జాలితో చివర "ఏదేమైనా మనిషి మంచోడే" అని ఒక ముక్క తగిలించారు.

నేను ఒప్పుకోను. ఒప్పుకోకపోవడం నాకు అలవాటే అని నేను పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీలో అందరూ అంటారు. అననివ్వండి. ఈ విషయంలో మాత్రం నా దగ్గర అలవాటు కన్నా గట్టిది ఉంది. ఆయన ఆ నంబరు చెప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. చెప్పమని అడిగినా చెప్పని రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. ఆయన కాకుండా ఆ రెండు చోట్లా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే.

షాపు అంటే షట్టరు, దాని ముందు ఒక చెక్క బల్ల, గోడ నిండా బండి నంబరు ప్లేట్ల నమూనాలు. తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు తిరిగే దారిలో, ఒక టిఫిన్ సెంటర్ పక్కన ఇరుక్కుని ఉండేది. ఎనామిల్ పెయింటు వాసన, దోసె వాసన కలిసిపోయి అక్కడ ఒక మూడో వాసన పుట్టేది. ఆ వాసనకు పేరు లేదుగానీ, నాకు ఇప్పటికీ ఎక్కడైనా కొత్త పెయింటు వాసన తగిలితే ఆకలేస్తుంది.

మనుషుల పేర్లు ఆయనకు పట్టేవి కావు. బండి నంబర్లే పట్టేవి. ఊరంతా నంబర్లను ఇంగ్లీషులో ఒక్కొక్క అంకెగా చెబుతుంటే ఆయన తెలుగులో రెండేసి అంకెలు కలిపి చెప్పేవాడు. నేను ఇరవై మూడు యాభై మేడం. టిఫిన్ సెంటర్ ఓనరు ఎనభై ఎనభై ఒకటి. మా డిపార్ట్‌మెంటు పెద్దాయన, ఎంత గౌరవనీయుడైతేనేం, ఆయనకు పది నలభై సారు. రోడ్డుకు అవతల నుంచి "ఏంది ఇర్వై మూడు యాభై మేడం, మీ అమ్మకు కీళ్ల నొప్పులు తగ్గినయా?" అని అరిచేవాడు. బస్టాపులో జనం నావైపు తిరిగి చూసేవారు. ఖైదీని పిలిచినట్టు పిలవకండి అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. బండి మార్చిన వాళ్లతో ఆయనకు కొన్నాళ్లు ఇబ్బందిగా ఉండేది, తెలిసిన మనిషి మొహం మార్చుకుని వచ్చినట్టు. బండి లేనివాళ్లకు ఆయన దగ్గర పిలుపే లేదు. సొంత భార్యను "ఓయ్" అనేవాడు.

"ఆయనకు నన్ను పిలవాలంటే నాకో స్కూటీ కొనియ్యాలె మేడం," అనేది ఆవిడ, టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడు.

"నీకు లైసెన్సు ఏడున్నదే?" అనేవాడు ఆయన తలెత్తకుండా.

ఆయనకు మాత్రం ఏ బండీ లేదు. రోజూ వారాసిగూడ నుంచి నడిచి వచ్చేవాడు.

నాకు ఆయనతో పరిచయం మొదలైందే గొడవతో. అప్పటికి రాష్ట్రం ఒకటే, బండ్ల మీద ఏపీ అని ఉండేది. క్యాంపస్‌లో విద్యార్థులు ఏపీ చెరిపేసి టీజీ అని రాసుకునేవారు. రాయించుకోని బండ్లను గేటు దగ్గర ఆపి వాళ్లే రాసేవారు. మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. నేను పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడే, కానీ నోరు తెరిస్తే మాట ఎక్కడిదో తెలిసిపోతుంది. "ఎందుకొచ్చిన తంటా, నువ్వూ టీజీ వేయించేసుకో" అని సహోద్యోగులు సలహా ఇచ్చారు. సరే అని ఒక మధ్యాహ్నం నా స్కూటర్ తీసుకుని వెళ్లాను.

"ఆర్సీ చూపియ్యండి," అన్నాడు. పలకరింపు లేదు, పాడు లేదు.

"రెండు అక్షరాలు మార్చడానికి ఆర్సీ ఎందుకండీ?"

"చూపియ్యండి మేడం."

ఇచ్చాను. చేయి బారుగా చాపి, దూరంగా పట్టుకుని, నంబరు పైకి చదివాడు. తర్వాత స్కూటర్ పక్కన గొంతుక్కూర్చుని, నూనె మరక పట్టిన గుడ్డతో ఇంజను పక్క తుడిచి, అక్కడ కొట్టి ఉన్న అంకెలను కాగితంతో కలిపి చూశాడు. లేచి ఆర్సీని రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. ఈ తతంగం మొత్తం ప్రతి బండికీ చేసేవాడు. జిరాక్సు తీసి దాచుకునేవాడని ఇప్పుడు కొందరు చెబుతున్నారు. ఆ షాపులో జిరాక్సు మిషన్ మాట అటుంచి, సరిగ్గా పనిచేసే ఫ్యానే ఉండేది కాదు.

"కాయితంల ఏపీ ఉన్నది. టీజీ ఎట్ల రాస్త?"

"ఊరంతా రాయించుకుంటుంటే నా ఒక్కదానికే వచ్చిందా చట్టం?"

"ఊరంత నా తాన రాయించుకుంటలేరు మేడం." గుడ్డ మడిచి బల్ల మీద పెడుతూ అడిగాడు. "ఇష్టపడి పెట్టుకుంటున్నరా, భయపడి పెట్టుకుంటున్నరా?"

నాకు ఒళ్లు మండింది. "అది మీకెందుకు? మీరు రాసేవాళ్లు, నేను రాయించుకునేదాన్ని."

"ఇష్టమైతే ముందల బాడీ మీద జై తెలంగాణ అని రాస్త. ఎంత పెద్దగంటె గంత పెద్దగ. పైసలు గూడ వద్దు. భయమైతే ఇంటికి పోండ్రి. ప్లేటు మీద మాత్రం కాయితంల ఉన్నదే."

నేను ఇంటికే పోయాను. నా బండి మీద టీజీ ఆ వారమే గేటు దగ్గర కుర్రాళ్లే రాశారు, ఉచితంగా, వంకరగా. తర్వాత ఎండకు అదే రాలిపోయింది. ఇక్కడ తేలాల్సింది ఒకటుంది. ఆయన ఉద్యమానికి వ్యతిరేకి అన్నవాళ్లూ ఉన్నారు. జనగాం వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి ఆయన. క్యాంపస్‌లో ఎన్ని మోటార్ సైకిళ్ల టాంకుల మీద ఆయన రాత ఉండేదో అప్పటి పిల్లలకు తెలుసు. అరచేయంత అక్షరాలు. 'జ'కు కింద ఒక సాగతీత ఉండేది, ఎర్ర అంచు వేసేవాడు. ఊరేగింపులో దూరం నుంచి చూసినా ఇది ఫలానా షాపు రాత అని చెప్పొచ్చు. టాంకు మీద రాయడానికి కూడా ఆర్సీ అడిగేవాడు. అదీ ఆయన పిచ్చి.

"టాంకు మీద రాసేదానికి గూడ ఆర్సీ ఏంది అన్నా?" అని పిల్లలు నవ్వేవారు.

"బండి నీదేనా కాదా? మీ నాయిన పేరు మీదున్నది. నాయినకు చెప్పినవా?"

"చెప్పిన అన్నా."

"ఒట్టు?"

"అన్నా, నువ్వు రంగేస్తవా, పెండ్లి సంబంధం చూస్తవా?"

అంతా నవ్వేవారు, ఆయన తప్ప. ఆయన అప్పటికే బ్రష్షు ముంచి ఉండేవాడు.

రూల్స్ అంటే ఆయనకు ప్రాణం అనుకుంటారేమో. కాదు. ఆయనకు తెలిసిన రూల్స్ సగమే, మిగతా సగం ఆయనే పుట్టించేవాడు. సొంత బండికి తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, కిరాయి బండికి పసుపు ప్లేటు, అక్షరాలకు వంపులు పనికిరావు, బొమ్మలు పనికిరావు. ఇంతవరకు నిజమే. ప్లేటు మీద దేవుడి బొమ్మ అడిగితే "వద్దు తమ్మీ, దేవుని పేరు మీద చలాన్ వస్తది" అనేవాడు. దసరానాడు ప్లేటుకు పసుపు కుంకుమ పెట్టొచ్చుగానీ మర్నాడు పొద్దున లోపల తుడవాలి, రూలున్నది అనేవాడు. అలాంటి రూలు భూమ్మీద లేదు. ఎవరైనా ఫ్యాన్సీ నంబరు కొనుక్కుని, దాన్ని పేరులాగా కనబడేటట్టు మెలితిప్పి రాయమంటే మాత్రం గట్టిగా చెప్పేవాడు. "నంబరు నీ ఇష్టం. పైసలు కట్టినవ్, తెచ్చుకున్నవ్. రాసుడు నీ ఇష్టం గాదు. రాసుడు అందరికి ఒక్కతీరే."

ఒకసారి ఆయన మాట తప్పని తేల్చాలని నేను లైబ్రరీ నుంచి మోటారు వాహనాల రూల్స్ పుస్తకం పట్టుకెళ్లాను. బల్ల మీద పరిచి చూపించాను. "ఇదిగోండి, చదువుకోండి. ప్లేటు ఎలా ఉండాలో ఉంది. ఎత్తు ఉంది, వెడల్పు ఉంది, రంగు ఉంది. రాసేవాడు కాగితం అడిగి చూడాలని నాకెక్కడా కనబడలేదు. ప్లేటు తప్పయితే బండి ఓనరుది తప్పు. మీరెందుకు అందరి ప్రాణం తీస్తారు?"

ఆయన పుస్తకాన్ని కూడా చేయి బారుగా చాపి చూశాడు. అట్ట ముందు వైపు, వెనక వైపు చూశాడు. నాకు రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"పుస్తకంల లేకపోతె ఏమాయె మేడం. రాసే చెయ్యి నాది గద."

అప్పుడూ నేను ఒప్పుకోలేదు. ఒక ఆర్టీఏ ఆఫీసు చాలదా, ఇంకోటి తార్నాకలో తెరిచారా అని అరిచి వచ్చేశాను.

ఇక స్టేషన్ సంగతి. ఒక ఊరేగింపు రోజున బస్సు అద్దాలు పగిలాయి. ఎవరు పగలగొట్టారో నాకు తెలియదు. పోలీసుల దగ్గర ఒక ఫోటో ఉంది. అందులో ఒక మోటార్ సైకిల్, దాని మీద ఇద్దరు, మొహాలకు గుడ్డలు. నంబరు కనబడటంలేదు. టాంకు మీద రాత మాత్రం స్పష్టంగా ఉంది, సాగదీసిన 'జ', ఎర్ర అంచు.

ఆ రోజు నేను స్టేషన్‌లో ఎందుకున్నానంటే, నా స్కూటర్‌ను తార్నాకలో తప్పు చోట పెట్టానని ఎత్తుకుపోయారు. అది తప్పు చోటు కాదు. ఆ వాదన వేరే. కానిస్టేబుల్‌తో ఆ వాదన సగంలో ఉండగా ఆయన్ను తీసుకొచ్చి నా పక్కనే బెంచీ మీద కూర్చోబెట్టారు. చేతులకు ఇంకా తెల్ల రంగు ఉంది. పని మధ్యలోంచి లేపుకొచ్చారన్నమాట. పలకరిద్దామని నోరు తెరిచాను. ఆయన నన్ను చూసి, మొహంలో ఏ కదలికా లేకుండా, ఎదుటి గోడ వైపు తిరిగాడు.

ఎస్సై ఫోటో ముందు పెట్టాడు. "రాత నీదేనా?"

"నాదే సార్."

"బండెవనిది?"

"యాది లేదు సార్."

"ఆర్సీ చూడంది బ్రష్షు పట్టవంట గద?"

"చూస్త సార్. చూసి ఇచ్చేస్త."

"ఊరందరి నంబర్లు నోటికొస్తయంట. నంబర్లతోనే పిలుస్తవంట."

"ఎవలో నవ్వులాటకు చెప్పినట్టున్నరు సార్. పొద్దున రాసింది నాకు మాపటికి యాదుండదు."

ఎస్సై నావైపు చూపించాడు. "ఈ మేడం రోజు మీ షాపు ముందలకెల్లే పోతదంట. మేడం బండి నంబరు చెప్పు చూద్దాం."

ఆయన నావైపు తిరిగాడు. ఆ రోజు పొద్దునే రోడ్డుకు అవతల నుంచి ఇరవై మూడు యాభై అని కేకేసి మా అమ్మ మోకాళ్ల గురించి అడిగిన మనిషి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు పైనుంచి కిందికి చూశాడు.

"తెల్వదు సార్. మేడంను ఏడనో చూసినట్టున్నది."

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు చాలా అరుదు. కానిస్టేబుల్ నా నంబరు అడిగితే చెప్పాను. నా బండి నాకిచ్చారు. బయటికి వస్తుంటే వెనక నుంచి ఎస్సై గొంతు పెరగడం వినబడింది, ఆయన గొంతు మాత్రం అదే ఎత్తులో, అదే మాట. యాది లేదు సార్. సాయంత్రం దాకా కూర్చోబెట్టారట. మర్నాడు మళ్లీ పిలిచారట. ఆ రెండు రోజులూ షట్టరు దించే ఉంది.

షట్టరు లేచిన రోజు వెళ్లి అడిగాను. "నిజంగా గుర్తులేదా?"

ఆయన ఇటూ అటూ చూశాడు. "మేడం, గా పిలగాడు ఆర్సీ నాకు బండి మీద రాసేటందుకే చూపిచ్చిండు. ఇంకోదానికి గాదు."

అంతే. కాగితం అడగడం ఎందుకో నాకు ఆయన ఎప్పుడూ చెప్పలేదుగానీ, అడిగి చూసిన కాగితాన్ని ఏం చేస్తాడో ఆ రోజు తెలిసింది.

"నాకు యాదున్నదని మీరు ఏడ అనకండ్రి," అన్నాడు చివర్లో. "కేసు నడుస్తున్నది."

కొద్ది రోజులకు ఆ బండి దొరికింది, పిల్లవాడూ దొరికాడు. కొన్నాళ్లు లోపల ఉన్నాడు, పరీక్షలు పోయాయి. అతని కష్టం నేను తక్కువ చేయను. కానీ ఎలా దొరికాడన్నదానికి తార్నాక, క్యాంపస్ కలిసి ఒక్క పూటలో తీర్పు చెప్పేశాయి. కాగితం చూసింది ఎవరు? రేడియం షాపాయన. స్టేషన్‌కు పోయింది ఎవరు? రేడియం షాపాయన. అయిపోయింది. నేను అప్పుడు అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. టాంకు మీద అరచేయంత ఎర్ర అంచు అక్షరాలున్న బండిని హాస్టల్ ముందు రోడ్డు మీదే పెట్టుకుంటే, దాన్ని కనిపెట్టడానికి ఇంకొకడు చెప్పాలా? ఆ దారిన పోయే ఏ కానిస్టేబుల్‌కైనా కళ్లుంటే చాలదా?

వినలేదు. ఒక పొద్దున వచ్చేసరికి నమూనా ప్లేట్ల గోడంతా నల్ల రంగు చల్లి ఉంది. ఆయన కిరోసిన్ గుడ్డతో ఒక్కొక్క ప్లేటూ తుడుస్తున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్న కుర్రాళ్లతో చెప్పాను. "నేను స్టేషన్‌లో ఉన్నాను. ఆయన యాది లేదన్నాడు. నా చెవులతో విన్నాను."

ఒకడు నవ్వాడు. "ఆంధ్ర మేడంది సాక్ష్యమా? మంచిగున్నది."

దానికి నేనేమన్నానో ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఆయన మాత్రం తుడవడం ఆపలేదు. "పోనీయండ్రి మేడం. జల్ది పోండ్రి, లైబ్రరీ టైమైతున్నది."

రాష్ట్రం వచ్చింది. టీజీ కాకుండా టీఎస్ అన్నారు. ఆ తర్వాత హై సెక్యూరిటీ ప్లేట్లు వచ్చాయి. ప్లేటు కంపెనీ నుంచే వస్తుంది, హోలోగ్రాం ఉంటుంది, బండి కొన్నచోటే బిగిస్తారు, చేతి రాతతో పనిలేదు. ఆయన పని పడిపోయింది. హెల్మెట్ల మీద స్టిక్కర్లు, ఆటోల వెనక పిల్లల పేర్లు మిగిలాయి. బాధపడతాడేమో అనుకుంటే మెచ్చుకున్నాడు. "మంచిదే మేడం. ఇప్పుడు నేనడిగే పని లేదు. కంప్యూటరే ఆర్సీ అడుగుతున్నది. మీరు పోయి దానితోని కొట్లాడుండ్రి."

తర్వాత టీఎస్ పోయి టీజీ వచ్చింది. కొత్త బండ్లకే టీజీ, పాతవి పాత అక్షరాలతోనే ఉండాలి అని చెప్పినా వింటారా? ఎస్ గీకేసి జీ అంటించుకోవాలని జనం రేడియం షాపుల ముందు వరస కట్టారు. ఆయన బల్ల ముందూ కట్టారు. ఆయన అందరినీ ఆర్సీ అడిగి, అందరినీ తిప్పి పంపేశాడు. పక్క వీధిలో షాపు వాళ్లు ఆ నెల మంచి భోజనం చేశారు.

అలాంటి ఒక సాయంత్రం నేను నా కారుకు గీత పడితే రేడియం పట్టీ వేయించుకుందామని అక్కడున్నాను. కారు కొన్నా ఆయనకు నేను ఇరవై మూడు యాభై మేడమే. స్కూటర్ నంబరు వదలలేదు, నా ఒక్కదాని విషయంలో ఆ మినహాయింపు ఎందుకిచ్చాడో తెలియదు. ఒక పెద్ద నల్ల కారు వచ్చి ఆగింది. దిగినాయన అప్పటి ఆ పిల్లవాడే. ఇప్పుడు నడుము చుట్టుకొలత పెరిగింది, తెల్ల చొక్కా, వెనక ఇద్దరు ముగ్గురు మనుషులు. మల్కాజ్‌గిరి వైపు నాయకుడు అంటారు. పేరు నాకు తెలుసు. ఇక్కడ అవసరం లేదు.

అతనికి కావలసింది ఇది. కంపెనీ ప్లేటు పీకేయాలి. కొత్త ప్లేటు పెట్టాలి. దాని మీద పైన పెద్దగా అతని పేరు, కింద సన్నగా నంబరు, టీఎస్ బదులు టీజీ.

"ఆర్సీ," అన్నాడు ఆయన.

నాయకుడు వెనక్కి తిరిగి తనవాళ్లతో నవ్వాడు. "చెప్పిన గదరా. మారలే." మళ్లీ ఆయన వైపు తిరిగాడు. "అప్పుడు గూడ ఆర్సీ అడిగినవ్. ఇచ్చిన. ఏమైందో చూసిన. టీజీ కోసం లోపల పన్నోన్ని నేను. నా బండి మీద టీజీ పెట్టుకునేందుకు నాకు నీ పర్మిషన్ కావాల్నా?"

"అన్న అడుగుతుంటె ఇంక ఆర్సీ ఏందయ్యా," అన్నాడు వెనకున్నవాడు.

ఆయన రేడియం కోసే బ్లేడు బల్ల మీద పెట్టాడు. నాయకుడి మొహంలోకి చూశాడు. కోపం లేదు, భయం లేదు. నేనైతే ఆ చూపు చాలాసార్లు చూశాను. రోడ్డు అవతల నుంచి మా అమ్మ మోకాళ్ల గురించి అడిగేటప్పటి చూపు అది.

"నలబై ఏడు పదారు," అన్నాడు. "గా బండి ఇంకున్నదా తమ్మీ?"

నాయకుడు చప్పట్లు కొట్టాడు. "చూసిన్రా? విన్నరా? ఇన్నేండ్లైనా మర్వలే! గిట్లనే అప్పజెప్పిండు. మేడం, మీరే సాక్షి."

సాక్షినే. నేను లేచాను. "సాక్షిని కాబట్టే చెబుతున్నాను, విను. ఆ రోజు స్టేషన్‌లో..."

"మేడం." ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "మీ ఎనక టైరుల గాలి తక్కువున్నది. చూస్కోండ్రి."

గాలి సరిగ్గానే ఉంది. కానీ నేను ఆగాను, ఆయన గొంతుకు. నాయకుడు ప్లేటు పక్క వీధిలో చేయించుకుంటానని వెళ్లిపోయాడు. కారు మలుపు తిరిగాక నేను ఆయన మీద పడ్డాను. కేసు ఎప్పుడో కొట్టేశారు, భయపడే ఎస్సై కూడా రిటైరై ఉంటాడు, ఇప్పుడైనా నిజం తెలియొద్దా, మీకు సిగ్గూ శరం లేకపోయినా విన్నదాన్ని నాకుండొద్దా అని. ఆయన బ్లేడు మళ్లీ చేతిలోకి తీసుకుని నా పట్టీ కోయడం మొదలుపెట్టాడు.

"నేను బండి సంగతి అడిగిన మేడం," అన్నాడు. "ఆయన చెప్పలే."

ఈ మధ్యనే ఆయన పోయాడు, షాపులోనే, మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే. షాపుల వాళ్లంతా కలిసి బల్ల ముందు కుర్చీలు వేసి సంతాపసభ పెట్టారు. నాయకుడు వచ్చాడు, రావడం మంచిదే. దండ వేశాడు. మైకు తీసుకుని చెప్పిన కథ మాత్రం అదే. రేడియం షాపన్న పోలీసుల దిక్కు ఉండె, నన్ను పట్టిచ్చిండు, అయినా నేను కోపం పెట్టుకోలే, మొన్న మొన్నటిదాక నా బండి నంబరు మర్వలే, ఏదేమైనా మనిషి మంచోడే. జనం తలలూపారు. కొందరు మురిసిపోయారు కూడా, ఎంత పెద్ద మనసు అని. ముందు వరసలో ఆయన భార్య తలవంచుకుని కూర్చుంది. కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

నేను మైకు అడగలేదు. అడిగితే ఇవ్వరు. లేచి నిలబడి, ఉన్న గొంతుతోనే చెప్పాను. ఫోటో సంగతి, ఎస్సై సంగతి, నన్ను కూడా ఎరగనని చెప్పిన సంగతి. నాకు టైరు చూసుకొమ్మని చెప్పేవాడు లేడు కదా ఇప్పుడు. భార్య తలెత్తి నన్ను చూసింది. "గా రెండు రోజులు ఇంట్ల అన్నం ముట్టలే," అంది, ఎవరితోనో కాదు, నాతోనే. "ఏమైందంటె చెప్పలే."

నాయకుడు వింటూ కూర్చున్నాడు. చివర్లో లేచాడు. "మేడం, మీరు మొదటికెల్లి ఆయన దిక్కే గద," అని కారెక్కాడు. నమ్మాడో లేదో అతని మొహం చూసి చెప్పలేకపోయాను. కారు వెనక ప్లేటు మీద అతని పేరు పెద్దగానే ఉంది. నంబరు చదవడానికి నేను నాలుగడుగులు ముందుకు వెళ్లాల్సి వచ్చింది.

అందుకని ఇది రాస్తున్నాను. సభలో వినని చెవులు కాగితం మీద వింటాయని కాదు. నాయకుడా, నేను నీతో వాదన పెట్టుకోను, అది తర్వాత. ఆ సాయంత్రం షాపు ముందు ఆయన నిన్నొక మాట అడిగాడు. నువ్వు చప్పట్లు కొట్టావుగానీ జవాబు చెప్పలేదు. ఆయన ఇక అడగలేడు కాబట్టి నేను అడుగుతున్నాను.

నలభై ఏడు పదహారు ఇంకా ఉందా? ఉంటే, దాని టాంకు మీద ఆ ఎర్ర అంచు మిగిలే ఉందా?